ఛాయాపటములలోని రైలుపట్టాలు
(కొంతం చౌక్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రైలుపట్టాల ప్రక్కన నిలిచి తీయించుకొన్న పాత ఛాయాపటములు మన యిండ్లలో గలవు. ఎచ్చట తీసినవో వెనుక వ్రాసియుండదు. చెప్పగల పెద్దలు తగ్గిపోవుచున్నారు. కావున పట్టాలనే అడుగవలసియున్నది.

మన ప్రాంతమున మూడు వెడల్పుల దారు లుండెడివి. 1860లో షోలాపురము చేరిన బొంబాయి దారి అయిదడుగుల ఆరంగుళములది. 1874లో తెరచిన వాడి–సికింద్రాబాదు దారియు నట్టిదే. హోటగి నుండి విజాపురము మీదుగా గదగునకు పోవునది మీటరు వెడల్పుది. కుర్డువాడి నుండి బార్శికి 1897లోను, పంఢరపురమునకు 1906లోను నడచినది రెండడుగుల ఆరంగుళములదే. ఈ చిన్న దారులు నేడు పెద్దవిగా మారినవి.

పట్టాల చెంతనే నిలిచిన మనిషితో పోల్చి చూడుడు. పెద్ద దారి వెడల్పు మనిషి యెత్తంత. మీటరు దారి నడుమువఱకు. సన్నదారి సగమునకు తక్కువ. పేరుపలక కనబడినచో దానిపై లిపి తెలుగో, కన్నడమో, మరాఠీయో చూడవలెను.

మా తాతగారి పట మొకటి, వారు తెలంగాణము నుండి వచ్చి షోలాపురమున దిగిన నాటిదని మేము చెప్పుకొనుచుంటిమి. కొలిచి చూడగా సన్నదారి! మెడలో తులసిమాల యున్నది. పంఢరపుర యాత్రలోనిదని ఊహించితిమి. నిజము చెప్పువారు లేరు.

కావున పెద్దలుండగనే అడిగి, పటము వెనుక పేర్లు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాయుడు. ఊహయైనచో ఊహ యనియే వ్రాయుడు. మన రాకకు సాక్ష్యము మన పెట్టెలలోనే యున్నది.