దెబ్బ తగిలిన పండు వేరు, కుళ్ళిన పండు వేరు
(సంఘం వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఏదైనా పనికొచ్చే విషయం మాట్లాడండి సుబేదార్ సాబ్" అన్నారు. యుద్ధాల గురించి, పెన్షన్ల గురించి మాట్లాడగలిగిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఆపిల్ జామ్ గురించి మాట్లాడదామని వచ్చాను. వెనక నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నవ్వండి, పరవాలేదు. లంగరులో టిన్ను కోసి బ్రెడ్ మీద రాసుకున్న ఎర్రటి జామ్ తిని సగం సర్వీసు గడిపినవాళ్ళమే కదా అందరం. అందులో ఏ పండు ఉందో ఎవరికీ తెలిసేది కాదు.

మనం ఉంటున్నది చండీగఢ్‌లో. పర్వానూ ఆపిల్ మండీ ఇక్కడికి గంట ప్రయాణం. జులై ఆఖరు నుంచి అక్టోబరు దాకా హిమాచల్ పండు ఈ దారినే దిగుతుంది, ఆ వెనక కాశ్మీరు పండు వస్తుంది. మన ఊళ్ళలో జ్వరం వచ్చినవాడికి మాత్రమే కొనే పండు ఇక్కడ గోతాల్లో దొరుకుతుంది. దాన్లో దెబ్బ తగిలిన పండుకి ధర లేదు. వడగళ్ళ మచ్చ పడ్డది, కోసేటప్పుడు కింద రాలింది, సైజు రానిది, ఇవన్నీ రైతు వేరు చేసేస్తాడు. అలాంటి పండుని హిమాచల్ ప్రభుత్వం మద్దతు పథకం కింద కొంటుంది. 2024లో ఇచ్చిన ధర కిలోకి 12 రూపాయలు. ఏడాదంతా చెట్టుకి సేవ చేసినవాడికి వచ్చేది అదీ. కాశ్మీరులో 2025 ఆగస్టు చివర, సెప్టెంబరులో కొండచరియలు విరిగిపడి జమ్మూ-శ్రీనగర్ రోడ్డు చాలా రోజులు మూతపడింది. లారీల కొద్దీ పండు దారిలోనే పాడయింది. చివరికి సెప్టెంబరు 13 నుంచి బడ్గాం నుంచి ఢిల్లీకి పార్సిల్ రైలు వేశారు. ఆ రోడ్డు మీద కాన్వాయ్‌లో కూర్చుని రోజులు లెక్కపెట్టినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అందుకని దెబ్బ తగిలిన పండు చవకగా దొరికితే తప్పకుండా కొనండి. కానీ కుళ్ళిన పండు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఈ రెంటికీ తేడా తెలియాలి. దెబ్బ తగిలిన చోట గోధుమరంగు వస్తుంది, అక్కడి కండ కొంచెం మెత్తబడుతుంది, వాసన మారదు. ఆ ముక్క కోసి పారేస్తే మిగతాది మంచిదే. కుళ్ళిన పండు నీరు కారుతుంది, వేలు పెడితే దిగిపోతుంది, మట్టి వాసన, ముక్క వాసన వేస్తుంది, పైన నీలం పచ్చ బూజు కనిపిస్తుంది. ఆ బూజు పాట్యులిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. మరిగిస్తే బూజు చస్తుంది గానీ ఆ విషం పూర్తిగా పోదు. మన దేశంలో ఆపిల్ రసంలో అది కిలోకి 50 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన ఉంది. కుళ్ళు కనిపించినంత మేర కోసేసి మిగతాది వాడదామని కూడా అనుకోవద్దు, ఆ పండు మొత్తం పారెయ్యాల్సిందే.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మసాలా జామ్‌లో మోసం సులువు. ఒక స్టేషన్‌లో ఉన్నప్పుడు బజారు నుంచి ఒక సీసా వచ్చింది. మూత తియ్యగానే గుప్పుమని దాల్చినచెక్క, లవంగం. పిల్లలు ఎగబడ్డారు. నాలుక మీద పెట్టుకుని కాసేపు ఉంచితే అడుగున పులిసిన వాసన తెలిసింది. మసాలా వేసేది పండు వాసనకి తోడుగా. పండు లోపాన్ని కప్పడానికి వేస్తే అది వంట కాదు.

ఇక జామ్ గట్టిపడే సంగతి. చాలామంది జెలటిన్ వేస్తారనుకుంటారు. అక్కర్లేదు. పండులోనే పెక్టిన్ అని ఒక బంక ఉంటుంది. తొక్కులో, మధ్యలోని గట్టి భాగంలో ఎక్కువ. ఆ బంకకి పులుపు, చక్కెర రెండూ కలిస్తేనే అది పట్టుకుంటుంది. మూడింట్లో ఏది తగ్గినా జారిపోతుంది. అప్పుడే పండిన కాయలో బంక ఎక్కువ. బాగా ముగ్గి పిండిపిండిగా అయినదాన్లో తక్కువ. వేసవిలో కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చే ఆపిల్ జామ్‌కి మొండికేసేది అందుకే. మన ఊళ్ళో ఆపిల్ ఖరీదైతే జామకాయ ఉంది, దాన్లో ఈ బంక దండిగా ఉంటుంది.

పులుపు దగ్గర చిన్న చరిత్ర ఉంది, మనకి సంబంధించినదే. కుల్లూ లోయలో బంద్రోల్ దగ్గర 1870లో ఆపిల్ తోట వేసినవాడు కెప్టెన్ ఆర్.సి. లీ అనే ఆంగ్ల సైనికాధికారి. ఆ రోజుల్లో దొరలు తెచ్చిన రకాలు ఎక్కువగా పుల్లటివి, వంటకి బాగుండేవి. మనవాళ్ళ నోటికి నచ్చలేదు. 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ తన దేశం నుంచి తియ్యటి డెలిషస్ రకం తెచ్చి సిమ్లా పైన కోట్‌గఢ్‌లో నాటాడు. ఆయనే తర్వాత సత్యానంద్ అయ్యాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకీ వెళ్ళాడు. హిమాచల్ కొండలు డెలిషస్‌తో నిండిపోయింది ఆ తర్వాతే. తినడానికి అది గొప్ప పండు, జామ్‌కి మాత్రం పులుపు చాలదు. అందుకే నిమ్మకాయ తప్పనిసరి.

కొలతలు రాసుకోండి. తొక్కు, మధ్య భాగం తీశాక ముక్కలు 1 కిలో ఉండాలి. చక్కెర 750 గ్రాములు. మధ్యరకం నిమ్మకాయలు రెండు, పండు బాగా తియ్యగా ఉంటే మూడు. దాల్చినచెక్క రెండు అంగుళాలు, లవంగాలు 5, యాలకులు 3, చిన్న శొంఠి ముక్క, అర చెంచా సోంపు. సోంపు, శొంఠి ఏమిటని మొహాలు పెడుతున్నారు. కాశ్మీరీ పండితుల వంటలో ఆ రెండూ లేని కూర తక్కువ. అక్కడ ఆపిల్‌ని వంకాయతో కలిపి కూర కూడా వండుతారు, త్సూంట్ వాంగన్ అంటారు. వంకాయ మనది అనుకునేవాళ్ళు ఒకసారి తిని చూడాలి!

మసాలా పొడి చేసి వెయ్యొద్దు, జామ్ నల్లబడి మడ్డిగా అవుతుంది. దినుసులన్నీ కచ్చాపచ్చాగా దంచి, తొక్కులతో, గింజలు తీసేసిన మధ్య భాగాలతో కలిపి పల్చటి గుడ్డలో వదులుగా మూట కట్టండి. పైన మైనం పూసి నిగనిగలాడే పండైతే తొక్కు వద్దు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో ముక్కలు, ఒక గ్లాసు నీళ్ళు, ఈ మూట వేసి మూతపెట్టి 15, 20 నిమిషాలు ఉడికించండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తింటుంది. ముక్క మెత్తబడ్డాక మూటని గరిటెతో గట్టిగా పిండి తీసెయ్యండి. బంకంతా ఆ పిండిన రసంలోనే ఉంది. పప్పుగుత్తితో మెదిపి, అప్పుడు చక్కెర, నిమ్మరసం వెయ్యండి. చక్కెర ముందే వేస్తే ముక్క గట్టిపడి మెత్తబడదు. ఇక్కడి నుంచి మంట పెద్దదిగా పెట్టి, చెయ్యి ఆపకుండా తిప్పండి. సన్న సెగ మీద గంటలకొద్దీ కాస్తే బంక విరిగిపోతుంది.

ఎప్పుడు దించాలి? ఇదొక్కటి వస్తే అన్నీ వచ్చినట్టే. గరిటె పైకెత్తి పక్కకి వంచితే చుక్కలుగా కారకుండా రెండు చుక్కలు కలిసి రేకులాగా జారాలి. లేదా ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద ఒక బొట్టు వేసి నిమిషం ఆగి వేలితో తోస్తే పైన ముడత పడాలి. బూందీ లడ్డుకి తీగపాకం చూసిన చేతికి ఇది కొత్త కాదు. థర్మామీటరు పెట్టేవాళ్ళు పుస్తకంలో 105 డిగ్రీలు అని చదువుతారు. అది సముద్రమట్టం లెక్క. లేహ్‌లో, అంటే సుమారు 3,500 మీటర్ల ఎత్తున, నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే పప్పు ఉడకని చోటు కదా అది. అక్కడ 105 కోసం కూర్చుంటే పిల్లలకి చాక్లెట్ పంచుకోవాలి. మీరున్న చోట నీళ్ళు ఎంతకి మరుగుతాయో ముందు చూసి, దానికి నాలుగైదు డిగ్రీలు కలుపుకోండి.

సీసాలు, మూతలు నీళ్ళలో 10 నిమిషాలు మరిగించి, ఎత్తైన చోట ఇంకాస్త ఎక్కువసేపు మరిగించి, ఆరబెట్టి, జామ్ వేడిగా ఉండగానే పొయ్యండి. సీసా కింద చెక్క ఉంచండి, చల్లటి గచ్చు మీద పెడితే పగులుతుంది. ఈ కొలతకి సుమారు కిలోంబావు వస్తుంది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా పెట్టొద్దు. ఆవకాయ జాడీకి చూపించే భయభక్తులు దీనికీ చూపిస్తే చాలు.

చక్కెర తగ్గించవచ్చా అని మన వయసువాళ్ళు అడుగుతారు, సగంమందికి షుగరు ఉంది కాబట్టి. తగ్గించవచ్చు. కానీ అప్పుడది నిలవ ఉండదు, గట్టిగానూ పేరదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు మూడు వారాల్లో అవగొట్టాలి. ఎంత తగ్గించినా పండులోని తీపి పండులోనే ఉంటుంది. డాక్టరు వద్దంటే వద్దు. తేనె వేస్తే, బెల్లం వేస్తే షుగరు రాదని చెప్పేవాళ్ళ మాట వినకండి.

ఇంట్లో చేసి అమ్ముదామనుకునే చెల్లెళ్ళు కూడా ఉన్నారు. 1955 నాటి ఎఫ్.పి.ఓ. పోయి, 2006 ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. చిన్నగా చేసినా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. జామ్‌లో పండు 45 శాతానికి, కరిగిన ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదని నియమం. పండు సంగతిలో మన కొలత దానికి చాలా పైనే ఉంది, కాబట్టి దిగులు లేదు. అసలు కష్టం పండు ఏరడంలోనే ఉంది. పదిహేను కిలోల పెట్టెలో మూడు కిలోలు పారెయ్యాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మూడు కిలోలూ ధరలో ముందే వేసుకోండి. పెట్టె కొనేటప్పుడు పై వరస చూసి మోసపోకుండా అడుగు వరస తీయించి చూడండి, వ్యాపారి విసుక్కున్నా సరే.

వెనక బల్ల మీద రెండు సీసాలు పెట్టించాను. ఒకటి డెలిషస్‌తో చేసింది, ఒకటి పుల్లటి కాశ్మీరీ మహారాజీతో చేసింది. పక్కనే బ్రెడ్డు, మా శ్రీమతి చేసిన దిబ్బరొట్టె కూడా ఉన్నాయి. రెండూ రుచి చూసి ఏది ఏదో మీరే చెప్పాలి. చెంచాలు మాత్రం పొడివే వాడండి. జై హింద్.