చీకటిని తీసిన చిత్రము



ఛాయాచిత్రమనగా ఱెప్పపాటులో ముగియు పని యని మనలో పెక్కుర తలంపు. నేనిపుడు చెప్పబూనినది అరగంటసేపు తీయు చిత్రమును గూర్చి. దానిని నేను మొదట చెడగొట్టితిని. ఆ కథయు చెప్పెదను.

రాజమహేంద్రవరమున గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900 సంవత్సరమున తెఱువబడినది. 1997లో దానిపై రైళ్లు నిలిచిపోయినవి. మా మేనమామ రైల్వే గార్డుగా నుండి దానిని లెక్కలేనన్ని మాఱులు దాటినవాడు. ఇపుడాయనకు చూపు మందగించుచున్నది. "వెన్నెలలో మన వంతెన పటము పెద్దది తీసి పెట్టరా, కన్నులుండగా చూచుకొందును" అని నన్నడిగెను.

నాకడ ఫేజ్ వన్ వారు 2007లో వెలువరించిన పి 45 ప్లస్ అను మీడియం ఫార్మాట్ డిజిటల్ బ్యాకు కలదు. దానిలోని సెన్సారు సుమారు 49 మిల్లీమీటర్ల పొడవును, 37 మిల్లీమీటర్ల వెడల్పును గలది. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రము 36కు 24 మాత్రమే గదా! ఇందు 3 కోట్ల 90 లక్షల బిందువులున్నవి. అది ఒక గంట వఱకు వెలుగును కూడబెట్టగలదు. క్రొత్తవెన్ని వచ్చినను, ఈ గుణమునకై దానిని విడువనివారు చాలమంది కలరు, వారిలో నేనొకడను.

అయితే ఇందొక చిక్కు. వెలుగు లేకున్నను, వేడిమి చేతనే సెన్సారులో ఎలక్ట్రానులు పోగుపడుచుండును. వేడి ఆఱేడు డిగ్రీలు హెచ్చినచో ఆ పోగు ఇంచుమించు రెట్టింపగును. క్షణములో తీయు చిత్రమున నది కానరాదు. అరగంటలో మాత్రము నల్లని నీటిపై ఎఱ్ఱని, పచ్చని చుక్కలు చల్లినట్లగును. ఏ బిందువు ఎంత కారునో దాని స్వభావము దానిది. కావున యంత్రము షట్టరు మూసికొని, మరల నంతే సేపు ఒట్టి చీకటిని చిత్రించును. ఆ చీకటిని మొదటి చిత్రమునుండి తీసివేయును. అరగంట చిత్రమునకు గంట కావలెను. అడ్డదిడ్డముగా పుట్టు కలత కొంత అప్పటికిని మిగులును. అది వేఱు సంగతి.

పుష్యమాసము, శుక్లపక్షము. మామయ్య కంబళి కప్పుకొని గట్టుపై నా ప్రక్కనే కూర్చుండెను. అపెర్చరు 16కు కుదించి షట్టరు తెఱచితిని. అరగంటయైనది. లెన్సుకు మూత పెట్టితిని.

"మూత పెట్టి యేమి తీయుచున్నావురా?"

"చీకటిని, మామయ్యా."

ఆయన నవ్వెను గాని చలికి వణకుచుండెను. నాకు జాలి కలిగినది. చిత్రము వచ్చినది గదా, చీకటి లేకున్న నేమి యని బ్యాకును ఆర్పివేసితిని. ఇంటికి వచ్చి చూడగా ఆ చిత్రమే లేదు! లెక్క ముగియకుండ యంత్రము దానిని భద్రపఱచదని అప్పుడు తెలిసినది. ఆయనతో చెప్పుటకు నాకు మాట రాలేదు.

ఫేజ్ వన్ వారే 2018లో తెచ్చిన ఐక్యూ 4 అను 15 కోట్ల బిందువుల బ్యాకునకు తరువాత నొక ఉపాయము చేర్చిరి: చిన్న చిన్న చిత్రములనేకము తీసి, లోపలనే సగటు కట్టుట. చీకటి చిత్రముతో పని లేదు. సుఖమైన పద్ధతియే, కాదనను. కాని దాని వెల నాబోటివానికి అందునది కాదు.

మఱునాడు మామయ్యయే నన్ను లేవదీసికొని పోయెను. దారిలో నాయనకు పారిసు వీథి ముచ్చట చెప్పితిని. 1838లో డాగెరు తీసిన ఆ చిత్రములో బండ్లు, జనులు కదలుటచే మాయమైరి. జోళ్లు తుడిపించుకొనుచు నిలిచినవాడొకడు మాత్రము మిగిలెను. "అయితే నేను కదలను, నన్నును అందులో పెట్టు" అని ఆయన మెట్లపై, కెమెరా కెదురుగా కూర్చుండెను. చేతికఱ్ఱను ప్రక్క స్తంభమునకు ఆనించెను.

ఈసారి గంటయు నిండినది. చిత్రములో నది పలుగుఱాతివలె మెత్తగా వెలిగినది; నక్షత్రములు ఏడున్నర డిగ్రీలు జరిగి గీతలైనవి; క్రొత్త వంతెనపై పోయిన రైలు ఒక్క వెలుగుచాఱగా మిగిలినది; పాత వంతెన స్తంభములు ఒక్కొక్కటి లెక్కింపవచ్చును. మామయ్య మాత్రము నడుమ టీ కొఱకు లేచిపోయినందున పొగవలె నున్నాడు.

పటమును కన్నుల దగ్గఱకు తెచ్చికొని చాలసేపు చూచెను. "స్తంభములన్నియు ఉన్నవిరా. నా కఱ్ఱ కూడ బాగుగా వచ్చినది" అనెను.