బతుకమ్మ వీధిలో అందరికీ చోటు

(వార్షిక మహాసభలో మా వీధి సంఘాల తరఫున చదివిన ప్రసంగం)



ప్రతి ఏడు ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వాయిదాలు ఎంత కట్టినం అని చదువుతం. ఈసారి మా వీధిలో బతుకమ్మ పండుగను ఎట్ల నడిపినమో చెప్పమన్నరు. ఇదేం లెక్క అని కొందరు అనుకోవచ్చు. కానీ ఆ తొమ్మిది రోజుల్లోనే మనలో పూలు అమ్మేవాళ్ళు, గాజులు అమ్మేవాళ్ళు, మిర్చి బజ్జీల బండి పెట్టేవాళ్ళు నాలుగు రూపాయలు చూస్తరు. అందుకే ఇది కూడా సంఘం పనే అని మేము అనుకున్నం.

మొదలు మా వీధి సంగతి చెప్తం. గుడి దగ్గర నుండి చెరువు కట్ట దాకా ఒకటే బజారు. మధ్యలో నాలుగు తొవ్వల కూడలి ఉంటది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయిన తర్వాత జనం పెరిగిన్రు, లైట్లు పెరిగినయి, సంతోషమే. దాంతోపాటు కూడలిలో స్టేజీ వచ్చింది, డీజే బాక్సులు వచ్చినయి, కార్లు, బైకులు వచ్చినయి. తంగేడు, గునుగు మోపులు కట్టుకొని ఊర్ల నుండి తెల్లారకముందే వచ్చే ఆడవాళ్ళను మోరీ పక్కకు జరిపిన్రు. పాట చెప్పే ముసలమ్మల గొంతు డీజేలో వినపడకుండా పోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. ముందుగా కూర్చొని చోటు పంచకపోతే, పెద్ద సామాను తెచ్చినోళ్ళకే చోటు దొరుకుతది. మా పని అంతా ఈ ఒక్క మాట మీద నడిచింది.

ఎప్పుడు కూర్చోవాలె

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలైతది. వినాయక చవితి దానికి నెల కూడా ఉండదు. చవితి అయినంక కూర్చుంటే మైకులు, లైట్ల వాళ్ళు దొరకరు, ఆఫీసుల్లో కూడా తీరిక ఉండదు. అందుకని మేము శ్రావణమాసంలోనే మీటింగు పెట్టినం. మా వీధిలో ఉన్న సంఘాల నుండి సంఘానికి ఇద్దరు చొప్పున వచ్చిన్రు. మినిట్స్ పుస్తకంలో రాసినం, సంతకాలు పెట్టినం. సద్దుల బతుకమ్మ ఏ రోజు అనేది కూడా ఆ రోజే గుడి అయ్యగారిని అడిగి రాసుకున్నం. అష్టమి తిథి రెండు రోజుల్లో పడితే ఆఖరుకు గొడవ అయితది, పూలు తెచ్చినవాళ్ళు నష్టపోతరు.

వీధి నడిచి చూసుడు

తర్వాత పది మందిమి కలిసి రాత్రి ఏడు గంటలకు గుడి నుండి చెరువు దాకా నడిచినం. పగలు నడిస్తే ఏమీ తెల్వదు. పండుగ నడిచేది రాత్రి కాబట్టి రాత్రే చూడాలె. మూడు స్తంభాలకు లైట్లు లేవు. ఒకచోట మోరీ మీద బండ విరిగింది. కేబుల్ వైర్లు కిందికి వేలాడుతున్నయి, నెత్తి మీద పెద్ద బతుకమ్మ పెట్టుకొని పోతే తగులుతయి. చెరువు మెట్లకు పాచి పట్టింది. ఇవన్నీ ఏ స్తంభం దగ్గర, ఎవరి ఇంటి ముందు అని గుర్తులతో రాసినం.

దరఖాస్తు రెండు కాపీలు రాసి ఒకటి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చినం, రెండో దాని మీద ముద్ర వేయించుకున్నం. ముద్ర ఉన్న కాపీ చేతిలో ఉంటే మళ్ళీ పోయి అడగడానికి ధైర్యం ఉంటది. మూడు సార్లు తిరిగినం. లైట్లు వచ్చినయి, బండ వేసిన్రు. మెట్ల పాచి మాత్రం మేమే సున్నం, చీపుర్లు పట్టుకొని కడిగినం.

చోటు ఒకటే, పొద్దు మారితే పని మారుతది

కూడలి ఒక్కటే ఉంది. పూలు అమ్మేవాళ్ళకు అదే కావాలె, ఆడేవాళ్ళకు అదే కావాలె, పిల్లగాండ్ల డీజేకు కూడా అదే కావాలె. ఎవరిని వెళ్ళగొట్టాలె అని మొదట వాదన నడిచింది. అప్పుడు పూలమ్మే అక్క ఒకామె చెప్పిన ముచ్చటతో దారి దొరికింది. "సద్దుల నాడు మధ్యాహ్నం రెండు దాటితే మా దగ్గర ఎవరు కొంటరు? అప్పటికి అందరూ ఇంట్ల బతుకమ్మ పేర్చుకుంటుంటరు. మాకు ముందు రోజు సాయంత్రం నుండి రెండు గంటల దాకా చోటు చాలు" అన్నది.

అట్ల పొద్దును పంచినం. ముందు రోజు సాయంత్రం నుండి సద్దుల నాడు రెండు గంటల దాకా కూడలి పూలవాళ్ళది. రెండు నుండి నాలుగు దాకా ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గులు వేసుడు. సాయంత్రం ఆరు నుండి ఎనిమిదిన్నర దాకా బతుకమ్మ ఆట, పాట చెప్పే అమ్మలకు ఒక చేతి మైకు. చెరువుకు పోయి వచ్చినంక పది గంటల దాకా పిల్లగాండ్ల కోలాటం, డీజే.

పిల్లగాండ్లు ఊరికే ఒప్పుకోలేదు. వాళ్ళు మన కొడుకులే, మన తమ్ముళ్ళే. కొట్లాడకుండా కూర్చోబెట్టి మాట్లాడినం. మైకులకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని, రాత్రి 10 నుండి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నది. పండుగలప్పుడు కొన్ని రోజులు 12 దాకా సడలించే వీలు ప్రభుత్వానికి ఉంది గానీ, అది ఎవరికి వాళ్ళం అనుకునేది కాదు. పోలీసు అనుమతి మేమే తెచ్చినం. అందులో వాళ్ళ టైము కూడా రాయించినం. తమకూ ఒక టైము ఉందని కాగితం మీద చూసినంక వాళ్ళే వచ్చి బండ్లను బడి మైదానంలోకి మళ్ళించిన్రు.

పూలవాళ్ళకు మనిషికి నాలుగు అడుగుల చొప్పున ముగ్గుపిండితో గీతలు గీసి నంబర్లు వేసినం. వాళ్ళ దగ్గర పైసా తీసుకోలేదు. బయటి నుండి వచ్చిన బొమ్మల దుకాణాలు, ఐస్‌క్రీం బండ్ల దగ్గర మాత్రం 300 చొప్పున తీసుకున్నం. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలె, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలె. రోడ్డు పక్కన కూర్చొని అమ్ముకునే మన అక్కలు ఈ సంగతి తెలుసుకోవాలె.

లెక్క

58 ఇళ్ళు ఇంటికి 100 చొప్పున ఇచ్చినయి, 5,800. బయటి దుకాణాలు తొమ్మిది, 2,700. మొత్తం 8,500 రూపాయలు. ఖర్చు: మైకు, చిన్న బాక్సులు 2,000, లైట్ల సీరియళ్ళు 1,200, చెరువు దగ్గర కట్టెలు, తాళ్ళు 1,000, ఈతగాళ్ళు ఇద్దరికి 1,000, నీళ్ళ క్యాన్లు 600, చెత్త ఆటో 500, సున్నం, బ్లీచింగ్ 300. మొత్తం 6,600. మిగిలిన 1,900 ఈ ఏడు పండుగకు ఖాతాలో ఉన్నయి. దసరా అయిన వారానికి ఈ లెక్క రాసిన కాగితం గుడి గోడకు అతికించినం. అది చూసినంక, చందా ఇయ్యని ఇళ్ళవాళ్ళు కొందరు వచ్చే ఏడు మేమూ ఇస్తమన్నరు.

ఇంకొకటి. బంతి, చామంతి టోకున తెచ్చుకోవడానికి నలుగురు అక్కలకు సంఘం నుండి తలా 2,000 అంతర్గత అప్పు ఇచ్చినం. గిరిగిరి వాళ్ళ దగ్గర తెచ్చుకుంటే ముందే కోసుకొని ఇస్తరు, సాయంత్రానికి ఇంటి ముందు నిలబడుతరు. ఈ నలుగురు దసరా వెళ్ళిన మీటింగులోనే అసలు, వడ్డీ కట్టిన్రు.

అరుగు మీద కూర్చున్న అక్కలు

చోటు గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక చెల్లె లేచి అడిగింది: "గీతలు గీసి పూలవాళ్ళకు చోటు ఇస్తున్నం. మరి భర్త పోయిన అక్కలకు ఆటలో చోటు ఉందా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన సంఘాల్లో ఇట్లాంటి అక్కలు ఎందరో ఉన్నరు. పొదుపు కట్టేటప్పుడు ముందుంటరు, అప్పు తీర్చేటప్పుడు ముందుంటరు. సద్దుల నాడు పూలన్నీ పేర్చి కోడలి చేతికిచ్చి, తాము మాత్రం అరుగు మీద కూర్చుంటరు. కొన్ని ఊర్లలో వాళ్ళు కలిసే ఆడుతరు, మా వీధిలో ఆ అలవాటు లేదు.

"మా కాలంల ఇది లేదు బిడ్డా" అని పెద్దమ్మ ఒకామె అన్నది. ఆమెను మేము ఎదిరించలేదు. "పెద్దమ్మా, బతుకమ్మ అంటేనే బతుకు గదా. బతుకు భారం ఒంటి చేతితో మోసేవాళ్ళను బతుకమ్మకు దూరం పెడితే ఎట్ల?" అని మాత్రం అడిగినం. ఆటలో ఎవరు కలిసినా ఎవరూ అడ్డు చెప్పొద్దని తీర్మానం రాసినం. రమ్మని ఎవరినీ బలవంతం చేయొద్దని కూడా రాసినం.

సద్దుల నాడు ముగ్గురు వచ్చి కలిసిన్రు. మిగతావాళ్ళు అరుగు మీదనే ఉన్నరు. ఇద్దరు ఆడవాళ్ళు మొహం తిప్పుకొని వేరే గుంపులోకి పోయిన్రు. ఇది కూడా దాచకుండా చెప్తున్నం. పాట ఆగలేదు. ఆ ముగ్గురిలో ఒకామెకు మా అందరికన్నా ఎక్కువ పాటలు వస్తయి. ఆ రాత్రి మైకు ఆమె చేతిలోనే ఎక్కువ సేపు ఉంది.

ఈ ఏడు చేయాల్సినవి

మొదటిది, మరుగుదొడ్డి. ఆడవాళ్ళం నాలుగైదు గంటలు బయట ఉంటం. మొబైల్ మరుగుదొడ్డి కోసం ఇప్పుడే దరఖాస్తు ఇయ్యాలె. రెండోది, చెరువు. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి పేర్చిన బతుకమ్మ నీళ్ళలో కరిగిపోతది. థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు కరగవు, ఆ నీళ్ళే బర్రెలు తాగుతయి, చేపలవాళ్ళ బతుకు కూడా అందులోనే ఉంది. పాలిథిన్ కవర్లు, అగరుబత్తి డబ్బాలు వేయడానికి మెట్ల దగ్గర గంపలు పెట్టాలె. మూడోది, తంగేడు. ప్లాట్లు అయి చెట్లు పోతున్నయి, మోపు కోసం ఇంకా దూరం పోవాల్సి వస్తున్నది. గింజలు సేకరించి చెరువు కట్ట పొంటి, బడి గోడ పొంటి వేస్తే మన పిల్లలకు పువ్వు ఉంటది. నాలుగోది, సత్తుపిండి, మలీద తయారు చేసి అమ్మాలనుకునే సంఘాలు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోవాలె.

పట్టణ సమాఖ్యను మేము కోరేది ఒక్కటే. ప్రతి వార్డు సమాఖ్య శ్రావణమాసం మీటింగు ఎజెండాలో బతుకమ్మ వీధి సంగతి పెట్టాలె. మీ వీధి కొలతలు వేరు, మీ గొడవలు వేరు. మేము చేసినట్టే చేయమని చెప్పం. రాత్రి పూట ఒకసారి నడిచి చూడండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నరో, ఎవరు అసలే రావట్లేదో పేరు పేరునా రాసుకోండి. రాసుకున్న తర్వాత పని దానంతట అదే కనబడుతది.

 సద్దుల నాడు వీలైనవాళ్ళు మా వీధికి రండి, సత్తుపిండి కలిసి పంచుకుందాం.