సంచిలోని చీటీలు



చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో సంతానం కోసం బస్సెక్కే జంట చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు, అక్షరాలు చెరిగిన రసీదులు. భద్రాచలంలో ఒక డాక్టరు, ఖమ్మంలో మరొకరు, హైదరాబాదులో ఇంకొకరు. ఒక్క కాగితం వానలో తడిసిందా, అదే రక్తపరీక్ష మళ్లీ, అదే ఖర్చు మళ్లీ!

కాగితం విలువ చిన్నదేం కాదు. 1978లో కలకత్తాలో టెస్ట్ ట్యూబ్ బేబీకి కారకుడైన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను అప్పట్లో నమ్మలేదు. ఆయన పోయాక ఎన్నో ఏళ్లకు, 1997లో, చేతిరాత నోట్సు చదివాకే శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్ ఆ ఘనత ఆయనదేనని ఒప్పుకున్నారు.

సంతాన చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం ప్రకారం క్లినిక్కులు రికార్డులను కనీసం పదేళ్లు దాచాలి, వివరాలు జాతీయ రిజిస్ట్రీకి పంపాలి. ఒక మహిళ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలన్నదీ ఆ చట్టమే. క్లినిక్కుల లెక్కలు ఒకచోట కలవకపోతే రెండోసారి ఇచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

మీరూ క్లినిక్కును అడగండి: ఎన్ని అండాలు తీశారు, ఎన్ని పిండాలు తయారయ్యాయి, ఎన్నింటిని గర్భంలో ఉంచారు, ఎన్ని ఫ్రీజ్ చేశారు? రాతపూర్వకంగా తీసుకోండి. ఊళ్లో తెలుస్తుందని భయపడకండి. మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత క్లినిక్కుదే.