గ్రంథాలయపు కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములు



పల్లెటూరి గ్రంథాలయమునకు కొత్త కంప్యూటరు వచ్చుట అరుదు. పట్టణమున ఒకరు వాడి విడిచిన యంత్రమే తఱచుగా దానముగా వచ్చును. అందులో విండోస్ 10 ఉండును. దానికి ఉచితముగా అందుచుండిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో సాధారణముగా ముగిసినవి. విండోస్ 11 వేయవలెనన్న టీపీఎం 2.0 అను భద్రతా సాధనము మొదలైనవి కావలెను. పాత యంత్రములలో పెక్కింట అవి లేవు. యంత్రము చెడిపోలేదు, అయినను మూలకు చేరవలసి వచ్చినది! ఇట్టి యంత్రములకు లినక్సు ఆధారము. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థ నేడు వెల లేకుండ పలు రూపములలో లభించుచున్నది. స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో నడచు రూపమొకటి తయారుచేసిరి.

అట్లయిన విండోసును తుడిచివేసి లినక్సు వేసికొనరాదా యని అడుగవచ్చును. తొందరపడరాదు. కారణము మన తెలుగు అక్షరములలోనే ఉన్నది. ఏండ్ల తరబడి తెలుగునాట డి.టి.పి. కేంద్రములలో శుభలేఖలు, కరపత్రములు, సంచికలు ‘అను’ ఫాంట్లతో, విండోసుపై కూర్చబడినవి. ఆ పద్ధతిలో కంటికి ‘క’ కనబడినను యంత్రము లోపల దాచుకొనునది ఇంగ్లీషు అక్షరముల సంకేతములనే. ఆ ఫాంటు లేనిచోట తెఱచిన అర్థము లేని గుర్తులు కనబడును. వెదకిన మాట దొరకదు. యూనికోడు మార్గము వేఱు. 1991 నాటి తొలి ప్రతిలోనే తెలుగు లిపికి అందు ప్రత్యేక స్థానము లభించినది. ఆ పద్ధతిలో వ్రాసిన తెలుగు ఏ యంత్రములోనైనను తెలుగే.

కనుక పాత సంచికలు తెఱచుటకు విండోస్ ఉండవలెను. పుస్తకముల పట్టిక మాత్రము యూనికోడులో, లినక్సుపై సాగుట మేలు. పట్టికకు కోహా అను ఉచిత సాధనము కలదు. న్యూజిలాండులోని హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టు కొఱకు తయారై 2000 జనవరిలో వాడుకకు వచ్చినది. మావోరి భాషలో కోహా యనగా కానుక. ఒక చిన్న గ్రంథాలయము తన అవసరమునకు చేయించుకొన్నది ప్రపంచమంతట గ్రంథాలయములకు అక్కఱకు వచ్చుట మనవంటివారు గమనింపదగిన విషయము.

ఒకే యంత్రములో ఈ రెండు వ్యవస్థలు ఎట్లు ఇముడును? ఒక చేనికి నడుమ గట్టు వేసినట్లు హార్డు డిస్కును భాగములు చేయుదురు. ముందు విండోస్, తరువాత లినక్సు, ఇదియే క్రమము. మొదట పెన్ డ్రైవు నుండి లినక్సును నడిపి, తెర, ముద్రణ యంత్రము, ఇంటర్నెట్టు సరిగా పనిచేయునో లేదో చూచుకొనవచ్చును. దీనివలన డిస్కునకు మార్పు రాదు. పిమ్మట విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు ద్వారా దాని భాగమును కుదించి, ఏబది గీగాబైట్లయినను ఖాళీ చేయవలెను. ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటును ఆపివేయవలెను. అది ఉన్నచో విండోస్ పూర్తిగా మూతపడక సగము నిద్రలో ఉండును. ఆ స్థితిలో లినక్సు దాని భాగమున వ్రాసినచో దస్త్రములు చెడవచ్చును. బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని సంకేతమును కాగితముపై వ్రాసి భద్రపఱచవలెను.

అన్నింటికంటె ముఖ్యము నకలు. సభ్యుల పట్టిక, జమాఖర్చులు, ఫొటోలు వేఱొక డిస్కులోనికి ఎక్కించి, అవి అక్కడ తెఱచుకొనుచున్నవని చూచిన పిదపనే గట్టు వేయుటకు పూనుకొనవలెను. స్థాపించునపుడు డిస్కునంతటిని తుడిచివేయుము అను ఎంపిక కూడ తెరపై కనబడును. దానిపై ఒక్క నొక్కు నొక్కినచో ఇరువదియైదేండ్ల లెక్కలు పోవును. కరెంటు పోవు వేళలలోను ఈ పని పెట్టుకొనరాదు, యూపీఎస్ తప్పనిసరి.

పని ముగిసిన పిదప మీట నొక్కగానే గ్రబ్ అను చిన్న పట్టిక తెరపై వచ్చును. కొన్ని క్షణములలో ఏది కావలెనో ఎన్నుకొనవలెను. ఎన్నుకొననిచో ముందు నిర్ణయించినది తానే తెఱచుకొనును. పులిగడ్డకు వారధి రాకమునుపు పెనుమూడి రేవులో నిలిచినవానికి ఒక ఒడ్డు విడువనిదే రెండవ ఒడ్డు లేదు. ఇదియు అంతే, ఒకదానిని మూసి, యంత్రమును మరల ప్రారంభించినగాని రెండవది రాదు. పుస్తకమునకై చందాదారుడు నిలిచియుండగా ఈ రాకపోకలు విసుగు పుట్టించును గనుక, పని వేళలలో లినక్సే తెఱచియుండునట్లు నిర్ణయించుకొనవలెను.

మఱియొక చిక్కు గడియారము. లినక్సు యంత్రములోని గడియారమునందు సాధారణముగా ప్రపంచ కాలమును ఉంచును. విండోస్ దానినే స్థానిక కాలమనుకొనును. మన కాలము 5 గంటల 30 నిమిషములు ముందుండుటచే, లినక్సు మూసి విండోస్ తెఱచినపుడు ఉదయము 10 గంటలకు తెల్లవారుజాము 4.30 కనబడవచ్చును. స్థానిక కాలమునే ఉంచుమని లినక్సునకు ఒక ఆజ్ఞ ఇచ్చిన చాలును. విండోస్ సవరణల తరువాత ఒక్కొక్కప్పుడు గ్రబ్ పట్టిక కనబడకపోవును. లినక్సు పోయినదని కంగారుపడనక్కఱలేదు. యంత్రపు ప్రారంభ ఏర్పాట్లలో క్రమము మార్చిన పెక్కుసారులు తిరిగి వచ్చును.

రెండు వ్యవస్థలు శాశ్వతముగా ఉండనక్కఱలేదు. ‘అను’ ఫాంట్ల రచనలను యూనికోడునకు మార్చు సాధనములు ఉన్నవి. మార్పిడిలో అక్కడక్కడ ఒత్తులు తప్పును. చదివి దిద్దువారు కావలెను. ఆ పని ముగిసిననాడు విండోస్ భాగమును తీసివేయవచ్చును. ఈలోగా, యంత్రమును సిద్ధము చేసిన యువకుడు ఉద్యోగమునకై హైదరాబాదు పోకమునుపే లినక్సు సంకేతపదమును గ్రంథాలయ రిజిస్టరులో వ్రాయించుకొని, బీరువాలో ఉంచి, తాళపుచెవి కార్యదర్శి వద్ద ఉంచవలెను.