సోడాలో ఐసుముక్క

శ్రోతలారా, నేను పదేండ్ల బాలుడనై యుండగా మా యూరి తిరునాళ్లలో జరిగిన యొక చిన్న తగవుతో ఈ ప్రసంగము నారంభించెదను.

ఎండ మండిపోవుచుండెను. మా నాయనగారు బండి యాపించి సోడా యడిగిరి. సోడావాడు రంపపుపొట్టులోనుండి ఐసుగడ్డను తీసి, సుత్తెతో పొడిగా చిదుకగొట్టి, గ్లాసునిండ పోసి, కీచుమని గోలీని లోనికి నొక్కి, సోడాను దానిపై వంచెను. నురుగు బుస్సున పొంగి సగము నేలపాలయ్యెను. మిగిలినది రుచిచూచి నాయనగారు "ఇది చచ్చిన సోడా, దీనిలో గ్యాసు లేదు" అని కోపించి, పదిపైసలు నీయక బండి తోలించిరి. "గోలీ చప్పుడు తమరు వినలేదా, అయ్యగారూ!" అనుచు వాడు కొంతదూరము వెంటవచ్చెను. నేను బండి వెనుక కూర్చుండి నవ్వితిని.

వాడు చెప్పిన సాక్ష్యమెంత బలమైనదో నాకు తెలియుటకు ముప్పది యేండ్లు పట్టెను. 1872లో ఇంగ్లండు దేశీయుడగు హైరం కాడ్ పేటెంటు పొందిన ఆ సీసాకు వేరే మూత లేదు. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు చుట్టునకు అదిమి పట్టును. వాయువు పోయిన సీసాలో గోలీ నిలువదు. గోలీ నిలిచియున్న సీసా చచ్చిన సోడా యెట్లగును?

మరి గ్యాసేమైనది? సోడా యనగా బొగ్గుపులుసు వాయువును బలవంతముగా ఇమిడ్చిన నీరు. 1767లో లీడ్సు నగరమున జోసెఫ్ ప్రీస్ట్లీ తన యింటిప్రక్కనున్న సారాయి బట్టీలో, పులియుచున్న తొట్లపై నిలిచెడి వాయువును నీటిలో కలిపి చూచెను. సీసా తెరువగానే ఒత్తిడి తొలగును. అప్పుడు నీటిలో దాని శక్తికి మించిన వాయువుండును. అయినను నీటి నడుమ బుడగ ఊరక పుట్టజాలదు. దానికొక గరుకుచోటు, గాలి దాగిన చిన్న పగులు కావలయును. నున్నని గాజున అట్టివి కొద్ది. చిదిపిన ఐసులో వేలకొలది.

చల్లని నీరు వాయువును ఎక్కువగా నిలుపుకొనును గదా యని మీరడుగవచ్చును. నిజమే. సాధారణపు గాలియొత్తిడిలో సున్న డిగ్రీల నీరు తన పరిమాణమునకు సుమారు 1.7 రెట్లు ఈ వాయువును పట్టును; 25 డిగ్రీలవద్ద ముప్పాతిక వంతే. కాని ఎండలో కాగిన సోడా చల్లబడునంతలో ఐసు గరుకుదనము తన పని ముగించివేయును.

ఐసు కరగుటయు విచిత్రమే. ఒక గ్రాము ఐసు సున్న డిగ్రీలవద్ద నీరగుటకే 80 కెలోరీల వేడిని త్రాగును. దీనికి గుప్తోష్ణమని పేరు. 200 గ్రాముల సోడాను 30 డిగ్రీలనుండి 10కి దింపవలెనన్న 4,000 కెలోరీలు తీయవలెను. గ్లాసు వేడిని, బయటి గాలిని లెక్కింపకున్న 44 గ్రాముల ఐసు చాలును. అందులో 3,500 పైచిలుకు కరగుటలోనే పోవును.

సోడాలో ఐసు త్వరగా కరగునా? మొన్న మా మనుమరాలితో కలిసి పరీక్షించితిని. నేను కంటిచూపున ముక్కలు పంచగా, "తాతయ్యా, తూచకుండ పందెమేమి?" అని అది త్రాసు తెచ్చెను. ఒకేవేడిగల మంచినీరు, సోడా, గ్యాసులేని చక్కెరపానకము మూడు గ్లాసులలో పోసి, సమానమైన ముక్కలు వేసితిమి. సోడాలోని ముక్క ముందు కరగెను. బుడగలు ఐసు నొరసికొని పైకెగయుచు, దానిని కప్పియుండు చల్లని నీటిపొరను చెదరగొట్టును. క్రొత్త వేడినీరు వచ్చి తాకును. పానకములోనిది అన్నిటికంటె వెనుకబడెను. కరగిన నీరు పానకముకంటె తేలికయగుటచే పైననే నిలిచి, ఐసునకు దుప్పటియగును. ఇక తీపియు గ్యాసును రెండునుగల పానీయములలో ఈ రెండు గుణములు పరస్పరము కలహించును. ఏది గెలుచునో చక్కెరపాలును గ్యాసుపాలును తెలియక నేను తీర్పు చెప్పను.

ఘాటు చెడకుండ సోడా త్రాగగోరువారు సీసానే ముందు చల్లార్చవలెను. ఐసు వేయక తప్పదన్న, ఒక పెద్దముక్కను నీట కడిగి, గరుకు పోగొట్టి వేయుడు. గ్లాసు వంచి, అంచువెంబడి మెల్లగా పోయుడు. సోడావాడు పొడిచేసి వేసినది మా నాయనగారు తొందరపెట్టినందుననే. ఆ పదిపైసలు వానికి ముట్టలేదు. మరుసటి తిరునాళ్లకు వాడు రాలేదు.