మురుగునీటి జమాఖర్చు



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున ఏ గృహస్థునైన "మీ యింటికి నీరెచ్చటినుండి వచ్చుచున్నది?" అని ప్రశ్నించినచో తడుముకొనక సమాధానము చెప్పును. బోరనియో, కుళాయి యనియో, ట్యాంకరనియో చెప్పి, దాని వెలను గూడ లెక్క కట్టి చూపును. "వాడిన పిదప ఆ నీరెచ్చటికి పోవుచున్నది?" అనినచో మాత్రము ప్రహరీగోడ అవతలికి చేయి చూపి యూరకుండును. జమ వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టా వంటిదీ వ్యవహారము.

వ్రాయబూనినచో లెక్క కష్టమైనది కాదు. పట్టణమున మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని భారతదేశపు ఇంజనీర్ల ప్రమాణము. అందు నూటికి 80 పాళ్లు మురుగై వెలువడునని వారే చెప్పుదురు. ఇంటికి ఐదుగురు చొప్పున వేయి యిండ్లున్న పేటనుండి దినమునకు 5,40,000 లీటర్లు బయలుదేరును. నీరు పల్లమెరుగును, ఈ సీమలో పల్లమనగా చెరువే. పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. ఎగువ చెరువు మత్తడి దుమికినచో ఆ నీరు దిగువ చెరువును చేరును. వాననీటికై చేసిన ఆ యేర్పాటే నేడు మురుగునకు రాజమార్గమగుచున్నది. నిజాముల కాలమున కట్టబడిన శామీర్‌పేట చెరువు వంటి జలాశయములకు ఇదియే భయము.

పోతన భాగవతమున దశమస్కంధమునందు కాళియుని మడుగు నీరు త్రాగి గోవులును గోపకులును కూలిరి. అచట విషము గ్రక్కినది ఒక్క సర్పము. దానిని సముద్రమునకు పంపివేయుట సాధ్యమైనది. ఇచట ప్రతి యింటి గొట్టమును ఒక పడగయే.

చెరువున చేపలు చచ్చి తేలుటకు విషమే కారణము కానక్కరలేదు. మురుగులోని మలినమును సూక్ష్మజీవులు భక్షించును. భక్షించునపుడు నీట కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. అది తరిగిన కొలది చేపలకు ఊపిరాడదు. విశేషమేమనగా, మురుగును శుద్ధిచేయు పనియు ఆ జీవులదే. శుద్ధికేంద్రమున మొదట జల్లెడలతో గుడ్డపీలికలను, ప్లాస్టిక్‌ను తీసివేసి, ఇసుకను అడుగంటనిచ్చి, పిదప పెద్ద తొట్లలో నీటికి గాలి నెక్కింతురు. వాయువు పుష్కలముగా దొరకుటచే ఆ జీవులు చెరువులో చేయవలసిన రభసను తొట్టిలోనే ముగించి, బురదగా అడుగునకు దిగును. అందు కొంత బురదను మరల తొట్టిలోనికే పంపుదురు, పాలకు తోడు వేసినట్లు. పై తేటకు క్లోరిన్ కలిపి వదలుదురు. 1914లో ఇంగ్లండునందలి మాంచెస్టరులో ఆర్డెన్, లాకెట్ అనువారు ఈ పద్ధతిని ప్రకటించిరి. ఆ తేట త్రాగుటకు తగదు గాని, చెట్లకును కట్టడపు పనులకును చక్కగా పనికివచ్చును.

హైదరాబాదు నగరము ఈ పాఠమును ఆలస్యముగా నేర్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చిన పిదప, 1909లో పిలువబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు భూగర్భ మురుగు కాలువలకును ప్రణాళిక వేసెను. కాలువలు వచ్చినవి, మురుగు మాత్రము దశాబ్దముల తరబడి మూసీలోనే కలిసినది. దినమునకు 33.9 కోట్ల లీటర్లను శుద్ధిచేయు అంబర్‌పేట కేంద్రము ఈ శతాబ్దమున గాని పని ప్రారంభింపలేదు.

కేంద్రము కట్టుటతోనే పని తీరదు. గాలి నెక్కించు యంత్రములు రాత్రింబవళ్లు తిరుగవలెను. కరెంటు బిల్లు చెల్లక అవి నిలిచినచో లోని జీవులు చచ్చి, కేంద్రమే మరియొక మురుగుగుంట యగును. శంకుస్థాపన ఫలకముపై పేరు చెక్కించుకొన ఎందరో ముందుకు వత్తురు; విద్యుత్తు పద్దు బడ్జెటున ఎన్నవ పుటలో నున్నదో చూచువారు అరుదు.

భూగర్భ కాలువ చేరని కాలనీలలో సెప్టిక్ ట్యాంకే గతి. రక్షణ సాధనములు లేక అందులోనికి మనిషిని దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. యంత్రపు ట్యాంకరునే పిలువవలెను. అది ఇంటిని శుభ్రము చేసి పోవును, సరే; చీకటి పడిన పిదప ఏ వాగు గట్టున ఖాళీ యగునో! సగము సొమ్ము ముందిచ్చి, శుద్ధికేంద్రమున పోసినట్లు రసీదు తెచ్చిన పిదప తక్కిన సగము ఇయ్యవచ్చును. ఆ రసీదును నీటి బిల్లు ప్రక్కనే కుట్టి యుంచవచ్చును.